పొలం అమ్మి ఇంటి అప్పు తీర్చవచ్చా?

హైదరాబాద్ మియాపూర్ నుంచి ఒక పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం రాసి, దానికి తమ గృహరుణ ఖాతా స్టేట్‌మెంటు నకలు కూడా జతచేశారు. ఆమె వయసు 34. ప్రైవేటు పాఠశాలలో ఉపాధ్యాయురాలిగా నెలకు 26,000 రూపాయలు సంపాదిస్తున్నారు. భర్త సాఫ్ట్‌వేర్ సంస్థలో పనిచేస్తారు, కోతలన్నీ పోగా చేతికి 92,000 వస్తుంది. ఏడేళ్ల పాప ఉంది. 2024 మార్చిలో 72 లక్షలకు ఒక ఫ్లాటు కొన్నారు. బ్యాంకు 20 ఏళ్ల గడువుతో, అప్పటి 8.75 శాతం మారే వడ్డీకి 56 లక్షల రుణం ఇచ్చింది. అందులో 1.85 లక్షలు రుణ రక్షణ బీమా ప్రీమియం కింద తీసేసుకున్న సంగతి వారికి తరువాత గాని తెలియలేదు. మిగిలిన 17.85 లక్షలూ, రిజిస్ట్రేషన్‌కు అయిన 5.40 లక్షలూ వారి పొదుపు నుంచి, ఆమె అన్నగారు ఇచ్చిన 2 లక్షల చేబదులు నుంచి సర్దుకున్నారు. అక్కడితో చేతిలో ఉన్నదంతా ఊడ్చుకుపోయింది. అల్మరాలకూ వంటగది పనికీ 14 శాతం వడ్డీతో 4 లక్షల పర్సనల్ లోన్ తీసుకున్నారు, ఆమె నగలు తాకట్టు పెట్టి 11 శాతానికి మరో 3 లక్షలు తెచ్చారు. ఫ్రిజ్జూ వాషింగ్ మెషీనూ క్రెడిట్ కార్డు మీద కొన్నారు. ఆ కార్డులో 58,000 బాకీ అలాగే నిలిచి ఉంది, ప్రతి నెలా కనీస మొత్తం మాత్రమే కడుతున్నారు. ఇవి కాక నెలకు 10,000 చొప్పున కట్టే 3 లక్షల చిట్టీలో 19 నెలలు పూర్తయ్యాయి, ఇంకా పాడలేదు.

"గృహప్రవేశం చేసి ఏడాదిన్నర దాటింది. ఒక్క నెలాఖరు కూడా ప్రశాంతంగా గడవలేదు" అని ఆమె రాశారు. కొడుకు అవస్థ చూడలేక, సూర్యాపేట జిల్లాలోని పల్లెలో ఉన్న మామగారు తన రెండెకరాల పది గుంటల పొలం అమ్మి 25 లక్షలు బ్యాంకుకు కట్టేస్తానని దసరా నాడు అందరూ భోజనానికి కూర్చున్నప్పుడు ప్రకటించారు. ఆ పొలంలో ఆయన ఒక ఎకరం స్వయంగా వరి వేస్తారు, మిగిలింది కౌలుకు ఇస్తారు. ఆ మాట విన్న ఆడబిడ్డ ఏమీ అనలేదు. సగం అన్నం విస్తట్లోనే వదిలి చేయి కడుక్కుని, పెరట్లోకి వెళ్లి గిన్నెలు తోముతూ కూర్చుంది. భర్త మాత్రం "నాన్న ఇస్తానంటే నీకేమిటి అడ్డం" అంటున్నారు. రెపో రేటు (బ్యాంకులకు రిజర్వు బ్యాంకు ఇచ్చే అప్పు మీద వడ్డీ) తగ్గిందని వార్తల్లో వస్తున్నా తమ ఈఎంఐ 49,488 నుంచి ఒక్క రూపాయి కూడా తగ్గలేదేమని ఆమె సందేహం. భర్త సంస్థలో ఉద్యోగాలు తీసేస్తున్నారన్నది ఆమె భయం. ఫ్లాటు రిజిస్ట్రేషన్ భర్త పేరు మీదే జరిగిందనీ, బ్యాంకు కాగితాల మీద మాత్రం తానూ సంతకం పెట్టాననీ ఉత్తరం చివర ఒక్క వాక్యంలో రాసి ఊరుకున్నారు. దాని గురించి ఆమె ఏమీ అడగలేదు. నేను మాత్రం దాని గురించి తప్పక చెబుతాను.

అమ్మా, మీ ఉత్తరం కన్నా ముందు మీరు పంపిన స్టేట్‌మెంటు చదివాను, ఎందుకంటే మీ ఇంట్లో ఇప్పుడు జరుగుతున్న వాదనకు మూలం ఆ కాగితంలోనే ఉంది. మీరు 18 వాయిదాలు కట్టారు, అంటే 8,90,784 రూపాయలు. అందులో అసలుకు జమ అయినది దాదాపు 1.76 లక్షలు మాత్రమే, ఇంకా సుమారు 54.24 లక్షలు బాకీ ఉంది. మొదటి నెల వాయిదా చూడండి: 49,488లో 40,833 వడ్డీకే పోయింది, అసలు తగ్గింది 8,655. ఇందులో బ్యాంకు తప్పు ఏమీ లేదు, దీర్ఘకాల రుణం లెక్క ఇలాగే నడుస్తుంది. వడ్డీని మిగిలి ఉన్న బాకీ మొత్తం మీద లెక్కగడతారు కనుక, బాకీ పెద్దగా ఉండే తొలి సంవత్సరాల్లో వాయిదాలో ఎక్కువ భాగం వడ్డీకే పోతుంది. అయితే కొత్తగా ఇల్లు కొన్న ఎవరైనా ఈ అంకె చూసిన రోజు గుండె జారిపోతుంది. మీ మామగారికి పొలం అమ్మాలన్న ఆలోచన కలిగించింది కూడా బహుశా ఈ అంకే.

ఈఎంఐ ఎందుకు తగ్గలేదన్న మీ ప్రశ్నకు ముందుగా సమాధానం చెబుతాను. 2019 అక్టోబరు 1 నుంచి బ్యాంకులు ఇచ్చే మారే వడ్డీ గృహరుణాలు బయటి ప్రామాణిక రేటుతో, ఎక్కువ సందర్భాల్లో రిజర్వు బ్యాంకు రెపో రేటుతో ముడిపడి ఉంటాయి, కనీసం మూడు నెలలకు ఒకసారి వాటిని సవరించాలి. 2025 ఫిబ్రవరి, ఏప్రిల్, జూన్ నెలల్లో రెపో మొత్తం ఒక శాతం తగ్గి 6.5 నుంచి 5.5కు వచ్చింది. మీ వడ్డీ కూడా ఇప్పుడు 7.75 శాతానికి దిగినట్లు స్టేట్‌మెంటు చివరి పేజీలో ఉంది. అంటే బ్యాంకు ఆ తగ్గింపును మీకు ఇచ్చింది, కాకపోతే వాయిదాలో కాకుండా గడువులో ఇచ్చింది. అదే 49,488 కడుతూ పోతే మీకు మిగిలినవి 222 వాయిదాలు కావు, దాదాపు 191 మాత్రమే. మీకు తెలియకుండానే రెండున్నర ఏళ్ల వాయిదాలు తగ్గిపోయాయి.

ఇక్కడ మీకు ఎంచుకునే హక్కు ఉంది. వడ్డీ రేటు సవరించినప్పుడు వాయిదా మార్చుకోవాలా, గడువు మార్చుకోవాలా, రెండూ కొంత కొంత మార్చుకోవాలా అన్నది రుణగ్రహీతకే వదిలిపెట్టాలని రిజర్వు బ్యాంకు 2023 ఆగస్టులో ఆదేశించింది. గడువు పాతదే ఉంచి వాయిదా తగ్గించమని మీరు బ్యాంకుకు రాసిస్తే, ఈఎంఐ సుమారు 46,060కి, అంటే నెలకు దాదాపు 3,400 తగ్గుతుంది. దీర్ఘకాలంలో దీనివల్ల నష్టమే ఎక్కువ. రుణం పూర్తయ్యేసరికి అదనంగా కట్టే మొత్తం, వడ్డీ ఇక్కడే నిలిచిపోతుందనుకుంటే, ఏడు లక్షల అరవై, డెబ్బై వేలు ఉంటుంది. వేరే అప్పులు లేనివాళ్లకైతే గడువు తగ్గించుకోవడమే మేలని నేను వెంటనే చెప్పేవాడిని. మీకు చెప్పలేకపోతున్నాను, ఎందుకంటే ఆ 3,400ను మీరు 7.75 శాతం అప్పు మీద పెడుతున్న అదే నెలలో, పక్కనే కార్డు బాకీ మీద నెలకు 3.5 శాతం, అంటే ఏడాదికి 42 శాతం వడ్డీ ఎక్కుతోంది. ఏడాది పాటు వాయిదా తగ్గించుకుని, ఆ తేడాను ఖరీదైన అప్పులకు మళ్లించి, అవి తీరిన తరువాత గృహరుణానికి అదనంగా కట్టడం మొదలుపెట్టవచ్చు. మారే వడ్డీ మీద వ్యక్తులు తీసుకున్న గృహరుణానికి ముందస్తు చెల్లింపు రుసుము ఉండదు కనుక ఆ దారి ఎప్పుడూ తెరిచే ఉంటుంది. దీనికి షరతు ఒక్కటే, తగ్గిన 3,400 ఇంటి ఖర్చులో కలిసిపోకూడదు. కలిసిపోతుందన్న అనుమానం మీకు ఏమాత్రం ఉన్నా పాత ఈఎంఐనే కొనసాగించండి.

మీ వారూ మామగారూ ఇంటి అప్పు ఒక్కదాన్నే అప్పుగా చూస్తున్నారు, అది అన్నిటికన్నా పెద్దది కనుక. వడ్డీ ప్రకారం వరుస పెట్టి చూడండి. కార్డు 42, పర్సనల్ లోన్ 14, బంగారం 11, ఇల్లు 7.75, మీ అన్నగారి చేబదులు సున్నా. మీకున్న అప్పుల్లో బ్యాంకు నుంచి వచ్చిన అతి చవకైన అప్పు ఇంటిదే. పర్సనల్ లోన్‌లో ఇంకా సుమారు 2.75 లక్షలు ఉంది, నెలకు 10,930 దానికి పోతోంది. గృహరుణం, పర్సనల్ లోన్, చిట్టీ మూడూ కలిపి నెలకు 70,000 దాటుతున్నాయి. మీ ఇద్దరి రాబడి 1,18,000. మిగిలిన 47,000 చిల్లరలో పాప ఫీజు, అపార్టుమెంటు మెయింటెనెన్సు, సరుకులు, బంగారం వడ్డీ అన్నీ సర్దాలి. నెలాఖరుకు కార్డు తీయక తప్పని పరిస్థితి ఎక్కడి నుంచి వస్తోందో ఇప్పుడు మీకే అర్థమవుతుంది. మిమ్మల్ని నెలనెలా పిండుతున్నవి ఇంటి లోపలి పనుల కోసం చేసిన చిన్న అప్పులు. బ్యాంకు రిజిస్ట్రేషన్ ఖర్చులను ఇంటి విలువలో కలపదు. తెలంగాణలో స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ రుసుము కలిపి 7.5 శాతాన్ని చేతి నుంచే పెట్టుకోవాలి. ఆ తరువాత వచ్చే అల్మరాల ఖర్చును చాలామంది అసలు లెక్కలోకే తీసుకోరు. మీరూ అందరిలాగే చిక్కుకున్నారు, ఇందులో మిమ్మల్ని మీరు నిందించుకోవలసింది లేదు.

ఈ చిన్న అప్పులను తీర్చడానికి పొలం అవసరం లేని దారులు రెండు కనిపిస్తున్నాయి. మొదటిది చిట్టీ. మీ వారు దాన్ని పాడి గృహరుణానికి కడదామంటున్నారని రాశారు. ఆ పని చేయవద్దు. పాటలో 30,000 వదులుకుని 2.70 లక్షలు తెచ్చి, 7.75 శాతం అప్పులో వేయడం వల్ల మీకు కలిగే ఉపశమనం దాదాపు ఏమీ ఉండదు. పాడదలచుకుంటే ఆ డబ్బుతో ముందు కార్డు బాకీ 58,000 పూర్తిగా తుడిచేసి, మిగిలిన 2.12 లక్షలు పర్సనల్ లోన్‌కు కట్టండి. అప్పుడు అందులో 63,000 మాత్రమే మిగిలి ఐదారు నెలల్లో తీరిపోతుంది, నెలకు 10,930 మీ చేతికి తిరిగి వస్తుంది. ఆ తరువాత కొద్ది నెలలకే చిట్టీ కూడా ముగుస్తుంది కనుక మరో 10,000 మిగులుతుంది. పర్సనల్ లోన్‌ను ముందుగా తీరిస్తే రుసుము ఎంతో ఒప్పంద పత్రంలో చూసుకోండి. పాట 30,000 కన్నా బాగా ఎక్కువకు పోతుంటే మాత్రం చిట్టీని కదపవద్దు, కార్డు బాకీ ఒక్కదాన్ని ఇంకెలాగైనా తీర్చుకుని చిట్టీ చివరిదాకా ఆగడమే లాభం.

రెండోది మీ నగలు. ఇది చెప్పడానికి కొంత సంకోచిస్తున్నాను, ఎందుకంటే అవి మీవి. వాటి గురించి నిర్ణయించే హక్కు మీ ఒక్కరిదే, మీ వారిది గాని నాది గాని కాదు. 2024 మార్చి నాటికీ ఇప్పటికీ బంగారం ధర ఎంత పెరిగిందో మీకు తెలుసు. మీరు తాకట్టు పెట్టిన రోజుల్లో విలువలో 75 శాతానికి మించి రుణం ఇచ్చేవారు కాదు కనుక, ఈనాటి ధరకు లెక్కేస్తే 3 లక్షల బాకీ తీరడానికి ఆ నగల్లో సగం కూడా అవసరం పడకపోవచ్చు. మీరు పెట్టుకోని పాత నమూనా వస్తువులు ఏవైనా ఉంటే వాటిని అమ్మి తక్కినవి ఇంటికి తెచ్చుకోవచ్చు. వద్దనుకుంటే ఏటా 33,000 వడ్డీ కడుతూ, పర్సనల్ లోన్ తీరిన తరువాత మిగిలే డబ్బుతో రెండేళ్లలో విడిపించుకోవచ్చు. రెండూ సరైనవే. తాకట్టు కాగితాన్ని ఏడాదికొకసారి తిరగరాయిస్తూ, ఆ మాట ఎత్తకుండా రోజులు గడపడం మాత్రం సరి కాదు.

ఇక పొలం విషయం. అమ్మకం వల్ల లాభం లేదని నేను చెప్పను. 25 లక్షలు కట్టి ఇదే వాయిదా కొనసాగిస్తే 191 నెలల అప్పు 75 నెలలకు, అంటే ఆరేళ్ల మూడు నెలలకు కుదించుకుపోతుంది, వడ్డీ రూపంలో దాదాపు 32 లక్షలు మిగులుతుంది. మీ వారు ఆశపడుతున్నది దీన్ని చూసే, ఆయన ఆశ అర్థం లేనిది కాదు. అయితే ఆ మిగులు ఆరేళ్ల తరువాత గాని కంటికి కనిపించదు. 25 లక్షలు కట్టిన మరుసటి నెలలో కూడా మీ ఖాతా నుంచి 49,488 పోతుంది, పర్సనల్ లోన్ 10,930 పోతుంది, కార్డు మీద వడ్డీ ఎక్కుతూనే ఉంటుంది. ముందుగా పెద్ద మొత్తం కట్టినంత మాత్రాన ఏ బ్యాంకూ తరువాతి వాయిదాలు ఎగ్గొట్టనివ్వదు. 191 నెలల గడువు అలాగే ఉంచి వాయిదా తగ్గించమని అడిగితే అది సుమారు 26,700కు దిగుతుంది, ఊపిరి ఆడుతుంది. కాని అప్పుడు ఆ 32 లక్షల మిగులులో దాదాపు 14 లక్షలు పోతాయి. ఈ రెండు ప్రయోజనాలూ ఒకేసారి దక్కవన్న సంగతి మీ ఇంట్లో ఎవరూ ఇంకా గమనించినట్లు లేదు.

అటువైపు ఏం పోతుందో కూడా చూడాలి. ఆ పొలం నుంచి మీ అత్తమామలకు కౌలు వస్తుంది, తిండిగింజలు వస్తాయి, మీ ఇంటికి ఏడాదికి సరిపడా బియ్యం బస్తాలు కూడా అక్కడి నుంచే వస్తున్నాయని మీరే రాశారు. అవి ఆగిపోయిన రోజు నుంచి వారి ఖర్చు మీ మీద పడుతుంది. పడాలి కూడా, అది మీ బాధ్యత. అరవై ఆరేళ్ల మనిషి పొద్దున లేచి చూసుకునే పని, ఊరిలో ఆయనకున్న నిలకడ లేకుండా పోతే ఆయన ఆరోగ్యం ఎలా ఉంటుందో కూడా ఆలోచించండి. ఇంకొక మాట: అప్పుకు కంగారుపడి అమ్ముతున్నారని తెలిస్తే ఊళ్లో కొనేవాళ్లు ధర తగ్గించే అడుగుతారు. ఎకరం 12 లక్షలన్న మాట సంతకాల నాటికి నిలుస్తుందన్న హామీ లేదు.

మీ ఆడబిడ్డ అన్నం ముందు నుంచి లేచి వెళ్లిన సంగతి మీరు ఉత్తరంలో రెండుసార్లు ప్రస్తావించారు. ఆ గమనింపే మీ ఉత్తరం మొత్తంలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచింది. ఆ భూమి మీ మామగారికి ఏ దారిన వచ్చిందన్నది మొదట తేలాలి. ఆయన సొంతంగా కొన్నదైతే, లేదా తండ్రి వీలునామా ద్వారా ఆయనకే వచ్చిందైతే, అమ్ముకునే స్వేచ్ఛ ఆయనది. ఉమ్మడి కుటుంబపు పూర్వీకుల ఆస్తి అయితే కథ వేరు. 2005 సెప్టెంబరు 9 నుంచి అమలైన హిందూ వారసత్వ చట్ట సవరణ ప్రకారం అందులో కుమార్తెకు పుట్టుకతోనే కుమారుడితో సమానమైన వాటా ఉంటుంది. ఆ తేదీ నాటికి తండ్రి బతికి ఉన్నా లేకున్నా ఆ హక్కు వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2020 ఆగస్టులో స్పష్టం చేసింది. పెళ్లిలో కట్నం ఇచ్చాం, ఆమె వాటా తీరిపోయింది అన్న మాట మన ఇళ్లలో తరచుగా వినిపిస్తుంది గాని, చట్టంలో దానికి స్థానం లేదు. పట్టాదారు పాసుపుస్తకం మామగారి ఒక్కరి పేరు మీద ఉండటంతోనే ఈ ప్రశ్న తీరిపోదు. కాస్త జాగ్రత్త గల కొనుగోలుదారు ఎలాగూ ఆమె సంతకం అడుగుతాడు. ఆ రోజున ఆమెను సబ్ రిజిస్ట్రార్ లేదా తహసీల్దారు కార్యాలయానికి పిలిపించి సంతకం పెట్టమనడం కన్నా, ఇప్పుడే కూర్చుని మాట్లాడటం ఎంతో మేలు. భూమి దస్తావేజులు, పాత పహాణీలు (భూమి ఎవరి పేరున, ఎవరి సాగులో ఉందో రాసిన రికార్డులు) తీసుకుని సూర్యాపేటలో ఒక సివిల్ న్యాయవాదిని కలవండి.

చట్టం ఆమెకు వాటా ఇవ్వని భూమే అయినా, ఒక బిడ్డ ఇంటి కోసం ఉన్నదంతా అమ్మి, ఇంకో బిడ్డకు ఏమీ మిగల్చకపోవడం తండ్రిగా తనకు సమ్మతమేనా అని మామగారు ఒకసారి ఆలోచించుకోవాలి. ఆయన ఆలోచించుకుని సమ్మతమే అంటే అది ఆయన ఇష్టం, కాని ఆలోచించకుండా జరగకూడదు. మధ్యేమార్గాలు కూడా ఉన్నాయి. పొలాన్ని ముందు చట్టప్రకారం పంచి, మీ వారి వాటాకు వచ్చిన దానిలోంచే సాయం చేయవచ్చు. లేదా ఒక్క అర ఎకరం మాత్రం అమ్మితే వచ్చే ఐదారు లక్షలతో మీ కార్డు, పర్సనల్ లోన్ రెండూ తీరి, ఇంకా కొంత చేతిలో నిలుస్తుంది. 25 లక్షలు ఇంటి అప్పులో వేయడం కన్నా ఈ చిన్న మొత్తమే మీ నెలవారీ ఊపిరికి ఎక్కువ ఉపయోగపడుతుంది. మామగారు దాన్ని కొడుక్కి అప్పుగా ఇస్తున్నట్లు కాగితం రాసుకుంటే ఆడబిడ్డకు కూడా నమ్మకం కలుగుతుంది. నేను మీ స్థానంలో ఉంటే పొలం జోలికి వెళ్లకుండా చిట్టీ దారిలోనే నడిచేవాడిని, ఎందుకంటే చిట్టీ విషయంలో పొరపాటు జరిగితే పోయేది 30,000, పొలం ఒకసారి చేయి దాటితే మళ్లీ కొనలేరు. అయినా నిర్ణయం మీ కుటుంబానిది.

మీ వారి ఉద్యోగం గురించి మీ భయం నిజమే, దాన్ని తేలికగా తీసుకోను. గృహరుణం వాయిదా 90 రోజులకు మించి బాకీపడితే ఖాతాను నిరర్థక ఆస్తిగా, అంటే మొండి బాకీగా గుర్తిస్తారు. ఆ తరువాత 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద 60 రోజుల నోటీసు ఇచ్చి ఇంటిని స్వాధీనం చేసుకునే అధికారం బ్యాంకుకు ఉంది. అందుకని కార్డూ పర్సనల్ లోన్ తీరగానే ఆరు నెలల ఈఎంఐకి సరిపడే 3 లక్షలు విడిగా, అవసరమైతే రెండు రోజుల్లో తీసుకోగలిగే డిపాజిట్‌లో పెట్టుకోండి. ఇది పూర్తయ్యేవరకు గృహరుణానికి ఒక్క రూపాయి కూడా అదనంగా కట్టనవసరం లేదు. బ్యాంకుకు ముందుగా కట్టిన డబ్బు ఉద్యోగం పోయిన నెలలో మీకు తిరిగి రాదు. కొన్ని బ్యాంకులు ఓవర్‌డ్రాఫ్ట్ పద్ధతిలో గృహరుణం ఇస్తాయి. అందులో మిగులు డబ్బు వేసి ఉంచితే దాని మేరకు వడ్డీ పడదు, కావలసినప్పుడు తీసుకోనూవచ్చు. వడ్డీ మామూలు రుణం కన్నా కొంచెం ఎక్కువ ఉంటుంది. నడుస్తున్న రుణాన్ని అందులోకి మార్చే వీలు ఉందేమో మీ శాఖలో అడగండి. ఒకవేళ నిజంగానే ఉద్యోగం పోతే, వాయిదా తప్పకముందే బ్యాంకుకు వెళ్లి రాతపూర్వకంగా చెప్పండి. మూడు నెలలు తప్పిన తరువాత వెళ్లేవారి కన్నా అలా వెళ్లిన వారికి ఎక్కువ దారులు ఉంటాయి. ఈ నిల్వ ఏర్పడిన తరువాత, ఏడాదికి ఒక ఈఎంఐ అదనంగా కట్టగలిగినా రుణం రెండేళ్లకు పైగా ముందే తీరుతుంది.

పన్ను మినహాయింపు పోతుంది కనుక రుణం తీర్చవద్దని సహోద్యోగి ఒకరు మీ వారికి చెప్పారట. సొంతంగా ఉంటున్న ఇంటికి ఏడాదికి 2 లక్షల వరకు వడ్డీ మినహాయింపు పాత పన్ను విధానంలోనే దొరుకుతుంది, కొత్త విధానంలో లేదు. మీ వారు ఏ విధానంలో ఉన్నారో చూసుకుంటే చాలు.

బీమా గురించి మీ కోపం న్యాయమైనది. రుణం కావాలంటే బ్యాంకు చూపిన బీమానే తీసుకోవాలన్న నిబంధన ఏదీ లేదు. 1.85 లక్షల ప్రీమియాన్ని అసలులో కలిపేయడం వల్ల పాత వడ్డీ ప్రకారం దానికే నెలకు 1,635 చొప్పున 20 ఏళ్లు కట్టవలసిన లెక్క అయింది. పాలసీ వెనక్కి ఇచ్చేసే తొలి గడువు ఎప్పుడో దాటిపోయింది. అయినా కోపంతో దాన్ని వెంటనే రద్దు చేయకండి. ముందు పాలసీ పత్రం తెప్పించుకుని, రక్షణ ఎవరి ప్రాణానికి, అప్పుతో పాటు ఆ మొత్తం తగ్గుతూ పోతుందా, సరెండర్ చేస్తే ఎంత వస్తుంది అన్న మూడూ చూడండి. మీ వారికి విడిగా కోటి రూపాయల టర్మ్ పాలసీ చేతికి వచ్చాకే దీన్ని ఉంచాలా తీసేయాలా అని ఆలోచించండి. పాత పాలసీ వదిలి కొత్తది రాకముందు మధ్యలో ఉండే నెలలే అన్నిటికన్నా ప్రమాదకరం.

ఇప్పుడు మీరు అడగని విషయం. రుణ ఒప్పందంలో మీరు సహ రుణగ్రహీత, అంటే రేపు ఏ కారణం చేతనైనా మీ వారు కట్టలేకపోతే మొత్తం 54 లక్షలకూ మీరు బాధ్యులు. కాని సేల్ డీడ్‌లో మీ పేరు లేదు కనుక ఇంటి మీద యాజమాన్యం మీకు లేదు. అప్పులో పూర్తి భాగం, ఆస్తిలో ఏమీ లేదు. ఇది ఎవరో కుట్రతో చేసిన పని అని నేను అనడం లేదు. రిజిస్ట్రేషన్ రోజు హడావుడిలో ఇలా జరిగిపోయిన ఇళ్లు ఎన్నో చూశాను. సరిదిద్దుకోవడానికి మీ వారు మీకు సగం వాటా గిఫ్ట్ సెటిల్‌మెంట్ దస్తావేజు ద్వారా రాయవచ్చు, ఇల్లు తాకట్టులో ఉంది కనుక దానికి బ్యాంకు అనుమతి కావాలి, స్టాంపు ఖర్చు కొంత అవుతుంది. అంత ఖర్చు ఇప్పుడు వద్దనుకుంటే కనీసం ఆయన ఒక వీలునామా రాసి ఉంచాలి. దానికి పెద్ద ఖర్చు లేదు, కాని దాన్ని ఎప్పుడైనా మార్చుకోవచ్చు కనుక దస్తావేజుతో అది సమానం కాదు. ఈ మాట భర్తతో ఎత్తడం కష్టమని నాకు తెలుసు. మీ నగలు ఈ ఇంట్లో ఉన్నాయి, మీ అన్నగారి 2 లక్షలు ఉన్నాయి, మీ జీతం ఉంది. ఆ లెక్కను ముందు పెట్టి మాట్లాడితే అది అనుమానంలా వినిపించదు.

అన్నగారి చేబదులుకు వడ్డీ లేదు కనుక అది వరుసలో చివరన ఉన్నా, ఎప్పటిలోగా తీరుస్తారో ఆయనకు ఒక్క మాట చెప్పి ఉంచండి. బ్యాంకుకు వెళ్లినప్పుడు రెండు కాగితాలు అడగండి: వాయిదా, గడువు ఎంపిక దరఖాస్తు, మీరు అప్పగించిన అసలు దస్తావేజుల జాబితా. రుణం తీరిన 30 రోజుల్లో ఆ పత్రాలు తిరిగి ఇవ్వాలనీ, బ్యాంకు వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 చెల్లించాలనీ రిజర్వు బ్యాంకు నిబంధన ఉంది. ఏ పత్రం ఇచ్చారో రాత ఉంటేనే రేపు దాన్ని అడగగలరు. కొత్తగా రుణం తీసుకునేవారికి ఇప్పుడు మీకన్నా తక్కువ వడ్డీ ఇస్తున్నారేమో కూడా అదే రోజు కనుక్కోండి. తేడా అర శాతం ఉంటే మీకూ తగ్గించమని అడగవచ్చు, కాదంటే వేరే బ్యాంకుకు మారడం గురించి ఆలోచించవచ్చు. పావు శాతానికి మాత్రం ప్రాసెసింగ్, తనఖా రిజిస్ట్రేషన్ ఖర్చులు పెట్టుకుని మారడం దండగ.

ఈ లెక్కలన్నీ ఒక తెల్ల కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి, సంక్రాంతికి ఊరు వెళ్లినప్పుడు మామగారి చేతికి ఇవ్వండి. ఆయన పొలం అమ్ముతానన్నది మీ మీద ప్రేమతో. ఆ ప్రేమను కాదన్నట్లు కాకుండా, మీకు నిజంగా బరువుగా ఉన్నవి ఏ అప్పులో, వాటికి ఎంత కావాలో ఆయనకు కనిపించేలా చెప్పండి. ఆ రోజు మీ ఆడబిడ్డ కూడా అక్కడ ఉండాలి. ఆమెను మీరో మీ వారో పిలిస్తే సంతకం కోసం పిలిచినట్లు తోచవచ్చు కనుక, ఫోన్ మాత్రం మామగారినే స్వయంగా చేయమనండి.